కోఠీ మేడ: ముందు పల్లాడియో, వెనక రంగ్ మహల్

మేడలు – మనుషులు: ఏడో భాగం

నిజాం అలీ ఖాన్ ముందు ఆ రోజు పరిచిన కాగితం చాలా పెద్దది. మూసీ ఉత్తరపు ఒడ్డున తనకు కావలసిన స్థలాన్ని ఇంగ్లిషు కంపెనీ రాయబారి కొలిపించి, జాగ్రత్తగా గీయించి తెచ్చిన పటం అది. ముసలి నిజాం దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా శ్రద్ధగా చూశాడు. చూసి, ఇవ్వడం కుదరదని మర్యాదగానే తిప్పి ఇచ్చేశాడు. రాయబారి మొహం చిన్నబోయింది. బయటికొచ్చాక మంత్రి నవ్వుతూ అసలు సంగతి విప్పాడట. హుజూరువారు ఇంతవరకూ చూసిన తమ రాజ్యం పటాలే దాదాపు ఆ కొలతలో ఉంటాయి. అంత కాగితం నిండా పరుచుకున్న నేల ఒక్కడే అడిగితే ఏ రాజుకు గుండె ఝల్లుమనదు? రాయబారికి విషయం బోధపడింది. అదే స్థలాన్ని చిన్న అట్టముక్క మీద గీయించుకుని మళ్లీ వెళ్లాడు. ఈసారి అడిగిన నేలంతా మంజూరైంది.

ఈ కథ రాసిపెట్టినవాడు జాన్ మాల్కం. 1798లో హైదరాబాద్‌లో సహాయక రెసిడెంటుగా పనిచేసినవాడు. ఆయన కాస్త ఉప్పూ కారం తగిలించి ఉండొచ్చు. కానీ ఆ నేలా నిజమే, దాని మీద లేచిన మేడా నిజమే.

గత భాగంలో మూసీకి దక్షిణాన చౌమహల్లా ప్రాంగణాల్లో తిరిగాం. ఈసారి నది దాటి ఉత్తరపు ఒడ్డుకు వద్దాం. సిటీ బస్సు కండక్టర్లు రోజుకు వందసార్లు కేకేసే ‘కోఠి’ పేరు ఏ మేడ వల్ల వచ్చిందో, ఆ మేడ దగ్గరికి. ఒక పక్క పాత పుస్తకాల దుకాణాలు, మరో పక్క సుల్తాన్ బజార్ బేరాలు. నడుమ ఎత్తయిన ప్రహరీ. ఆ లోపల ఉన్నది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, నిన్నటిదాకా కోఠీ ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం.

గైడు పుస్తకాలు ఈ కట్టడాన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి: యూరోపియన్ శైలి. ఇవాళ కంటికి కనిపించేది అదే కాబట్టి వాటిని తప్పుపట్టలేం. అయితే రెండు వందల ఏళ్ల కిందట ఈ ప్రహరీలోకి అడుగుపెట్టిన మనిషికి రెండిళ్లు కనిపించేవి. ముందు రోమన్ గుడిలా స్తంభాలు నిలబెట్టిన విలాయతీ మేడ. వెనక మొగలాయీ తరహాలో హౌజులు, ఫౌంటెన్లు, రంగు బొమ్మల గోడలున్న జనానా. రెండూ ఒకే సంసారానివి. వాటిలో ఒకదాన్ని తర్వాతివాళ్లు కూల్చేశారు. మిగిలిన సగాన్ని చూసి మనం మొత్తం ఇంటికి పేరు పెట్టేశాం.

రాయబారి, బేగం

స్థలం అడిగిన రాయబారి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో పుట్టాడు. సవతి అన్న విలియం తర్వాత హైదరాబాద్ రెసిడెంటు పదవిలోకి వచ్చాడు. వచ్చీ రావడంతోనే కంపెనీకి పెద్ద పని చేసిపెట్టాడు. నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచివాడు పెంచిన సైన్యం ఉండేది. రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. సెప్టెంబరు 1న కిర్క్‌పాట్రిక్ నిజాంతో ఒప్పందం కుదిర్చాడు, అక్టోబరులో వేలమంది సిపాయిల ఆ దళం ఆయుధాలు దించేసింది. 1800లో మరో ఒప్పందం. కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలు నిజాం చేతిలోంచి జారిపోయాయి. మన చరిత్ర పుస్తకాల్లోని దత్త మండలాలు ఇవే. కోఠీ మేడ పునాదుల కింద ఉన్న రాజకీయం ఇది.

ఇంత కచ్చితంగా కంపెనీ పని చక్కబెట్టిన మనిషే, వేషభాషల్లో క్రమంగా హైదరాబాదీ అయిపోయాడు. కొలువు పనుల్లో తప్ప ఇంట్లో దేశీ దుస్తులే వేసేవాడు. హుక్కా తాగేవాడు. పారశీకం, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. నిజాం ఇచ్చిన ‘హష్మత్ జంగ్’ అన్న బిరుదుతో ఊళ్లో చలామణీ అయ్యేవాడు. నిజాం కొలువులో ప్రముఖుడైన మీర్ ఆలంకు చుట్టమైన బాఖర్ అలీ ఖాన్ మనవరాలు ఖైరున్నీసాను ఇస్లాం పద్ధతిలో పెళ్లాడాడు. ఈ పెళ్లి కలకత్తాలో దుమారం లేపింది. రెసిడెంటు తమ మనిషా, నిజాం మనిషా అని గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి అనుమానం. విచారణ జరిపించాడు. కిర్క్‌పాట్రిక్ ఉద్యోగం ఊడినంత పనై చివరికి నిలబడింది. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. ఈ ప్రేమకథను విలియం డాల్రింపుల్ 2002లో ‘వైట్ మొగల్స్’ పేరుతో పుస్తకంగా రాశాక కోఠీ వైపు ప్రపంచం మళ్లీ తలతిప్పింది. మనకిప్పుడు కథలో కన్నా ఆ కథ గోడలుగా మారిన తీరులో ఎక్కువ పని ఉంది.

ముందుగా లేచింది వెనకిల్లు

మూసీ ఒడ్డున రెసిడెంటుకు మొదట దక్కింది పాత తోట, అందులో కొన్ని దేశీ కట్టడాలు. పెళ్లయ్యాక ఆయన ముందు చూసుకున్నది భార్య నివాసం. ఖైరున్నీసా పరదా పాటించే పెద్దింటి ఆడపిల్ల. ఆమె తల్లి షరఫున్నీసా, దాసీలు, దాదులు, రాకపోకలు సాగించే బంధుస్త్రీలు, ఇదంతా ఒక చిన్న లోకం. దానికి తగ్గట్టు ప్రత్యేక ప్రహరీ, ప్రత్యేక ద్వారంతో జనానా కట్టించాడు. దాని పేరే రంగ్ మహల్. నడుమ నీళ్ల హౌజు, ఫౌంటెన్లు, చుట్టూ తోట, ఆ తోట వైపు తెరుచుకునే వసారాలు, పిట్టలూ పూలూ గీసిన గోడలు ఉండేవని చూసినవాళ్లు రాశారు.

ఇలాంటి ఇంటి స్వభావం మనకు కొత్తేమీ కాదు. మన మండువా లోగిలి లాంటిదే. వీధి వైపు గోడే తప్ప ఏమీ కనిపించదు, లోపలికొస్తే నడిమి ఆకాశం చుట్టూ ఇల్లంతా తెరుచుకుని ఉంటుంది. గాలి, వెలుతురు, నీటి చల్లదనం అన్నీ మధ్య నుంచే వస్తాయి. ఇంటి గొప్ప వీధికి తెలియాల్సిన పని లేదు, లోపలివాళ్లకు తెలిస్తే చాలు. దక్కను నవాబుల దేవిడీలు చాలావరకు ఈ పద్ధతిలోనే ఉండేవి.

హైదరాబాద్ కొలువులో పరువుగా బతకాలనుకున్న మనిషి కట్టుకోవాల్సిన ఇల్లు ఇది. రెసిడెంటు దీన్ని కట్టాడంటే, తాను ఈ ఊరి మర్యాదలకు లోబడ్డానని అత్తవారికీ, నిజాముకూ, ఊరికీ చెప్పినట్టే.

రోమన్ ముఖం

అయితే కంపెనీకి మరో రకం ఇల్లు కావాలి. వెల్లెస్లీ కలకత్తాలో 1799లో మొదలుపెట్టి 1803కల్లా బ్రహ్మాండమైన గవర్నమెంట్ హౌసు కట్టించాడు. ఇంగ్లండులోని కెడల్‌స్టన్ హాల్ దానికి నమూనా. దేశాన్ని గుమాస్తా గదిలోంచి ఏలకూడదు, రాజభవనంలోంచి ఏలాలి అన్నది ఆయన ఉద్దేశం. ఆ గాలి హైదరాబాద్‌కూ వీచింది. 1803 ప్రాంతంలో ఇక్కడా కొత్త మేడ మొదలైంది. నిజాం అలీ ఖాన్ ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశాడు. కొడుకు సికందర్ జా గద్దెనెక్కాడు. కట్టుబడి ఖర్చు భరించింది మాత్రం నిజాం ఖజానాయే. కంపెనీ దర్పం చూపించే ఇంటికి నిజామే డబ్బు కట్టాడన్నమాట. ఆనాటి సైన్య సహకార ఒప్పందాలన్నిటి సారాంశం ఈ ఒక్క పద్దులో ఉంది.

నమూనా గీసినవాడు శామ్యూల్ రసెల్. మద్రాసు ఇంజినీర్ల దళంలో లెఫ్టినెంటు. లండన్‌లో పేరున్న చిత్రకారుడు జాన్ రసెల్ కొడుకు. ఈ ఇంజినీరు దొరలు కోటలూ వంతెనలూ కట్టే మనుషులు. రాజభవనం కట్టాల్సి వస్తే విలాయతు నుంచి వచ్చే నమూనా పుస్తకాలే వాళ్లకు గురువులు. ఆ పుస్తకాలన్నిటికీ మూలపురుషుడు ఇటలీలోని విచెంజా ప్రాంతంలో మేడలు కట్టిన ఆంద్రేయా పల్లాడియో. 1508లో పుట్టి 1580లో పోయాడు. 1570లో ఆయన అచ్చువేసిన నాలుగు సంపుటాల వాస్తు గ్రంథం యూరపు మొత్తం తిరిగింది. పాత రోమన్ గుడి ముఖాన్ని, అంటే పొడవాటి స్తంభాల వరసనూ వాటి పైన ముక్కోణపు కిరీటాన్నీ తెచ్చి గృహస్థు ఇంటికి తగిలించడం ఆయన చేసిన గొప్ప సాహసం. దేవుడి గుడికుండే గాంభీర్యం ఇంటి యజమానికి అంటుకుంది. ఇంగ్లండు జమీందార్లు దీన్ని ఎగబడి అందుకున్నారు. వాళ్ల పిల్లలు కంపెనీ నౌకల్లో ఇక్కడికి మోసుకొచ్చారు.

కోఠీ ఉత్తరపు ముఖం చూడండి. విశాలమైన మెట్ల వరస, అటూ ఇటూ రెండు సింహాలు. పైన రెండంతస్తుల ఎత్తున లేచిన ఆరు కొరింథియన్ స్తంభాలు. వాటి మీద ముక్కోణం, అందులో ఈస్టిండియా కంపెనీ చిహ్నం. లోపలికెళ్తే రెండంతస్తులు కలిసిపోయిన దర్బారు హాలు, చుట్టూ పై నుంచి చూసే వసారా, నిలువుటద్దాలు, షాండ్లియర్లు. ఇంకా లోపల, అటొకటి ఇటొకటిగా వంపు తిరిగి పైకెక్కే జంట మెట్లు. రంగ్ మహల్లో అందం లోపలికి ముఖం పెట్టుకుంటే, ఇక్కడ అందమంతా ఎదురొచ్చేవాడి కళ్లలోకి చూస్తుంది. మనిషిని ఆపి, మెట్లెక్కించి, స్తంభాల కింద చిన్నవాణ్ణి చేసి, ఆ తర్వాత లోపలికి రానిస్తుంది.

వాషింగ్టన్ నకలా?

ఈ మేడను చూసిన ప్రతివాడికీ నోటికొచ్చే మాట ఒకటుంది: అచ్చం అమెరికా వైట్ హౌసులా ఉంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి దాన్ని చూసే దీన్ని కట్టారంటారు. తేదీలు ఈ మాటకు సాక్ష్యం చెప్పవు. జేమ్స్ హోబన్ 1792లో నమూనా గీసిన వైట్ హౌసులో అధ్యక్షుడు కాపురం పెట్టింది 1800లో. కానీ ఇవాళ ఫొటోల్లో మనం గుర్తుపట్టే దాని స్తంభాల మంటపాలు తర్వాత చేర్చినవి. దక్షిణపు మంటపం 1824 నాటిది. ఉత్తరపు మంటపం 1829లో మొదలైంది. అప్పటికి కోఠీ స్తంభాలు రెండు దశాబ్దాలకు పైగా హైదరాబాదు ఎండలు కాశాయి. పోలిక రావడానికి కారణం ఇద్దరిదీ ఒకే గురుపరంపర కావడం. హోబన్ ఐర్లండులో పల్లాడియో బాణీ నేర్చుకున్నవాడు, రసెల్ అదే బాణీని పుస్తకాల్లో చూసినవాడు. ఒక తాత మనవలకు ముక్కు ఒకేలా ఉంటే ఎవరూ ఎవర్నీ చూసి దిద్దుకున్నట్టు కాదు.

ఒక తేడా మాత్రం గమనించదగ్గది. చలిదేశంలో మేడ కట్టేవాడు ఎండకోసం వెతుకుతాడు. హైదరాబాద్‌లో ఎండనుంచి తప్పించుకోవాలి. కోఠీ ప్రధాన మంటపం ఉత్తరానికి తిరిగి ఉంది. మన అక్షాంశంలో వేసవి నడిమి కొన్ని వారాలు తప్ప ఏడాది పొడవునా సూర్యుడు దక్షిణం వైపు నుంచే నడుస్తాడు. కాబట్టి ఆ మంటపంలో ఎక్కువ నెలలు నీడే. లోతైన వసారా, అందనంత ఎత్తు పైకప్పు, ఎదురెదురుగా పెట్టిన పెద్ద తలుపులు, ఇవన్నీ ఈ నేల వేడికి పనికొచ్చే ఏర్పాట్లు. ఇటలీ నమూనాలో కూడా ఇవి ఉన్నాయి, ఎందుకంటే అక్కడా ఎండ మండుతుంది. ఇంగ్లండు మీదుగా చుట్టు తిరిగొచ్చిన ఈ శైలికి మూసీ ఒడ్డున మళ్లీ తన వాతావరణం దొరికింది.

సున్నంలో ఉన్న సంతకం

ఇప్పుడు ఆ స్తంభాల దగ్గరికి ఇంకా దగ్గరగా వెళ్దాం. దూరం నుంచి చలువరాయిలా అనిపిస్తాయి. దగ్గరికెళ్తే పైన ఉన్నది గచ్చు, అంటే సున్నపు పూత. రాతి మేడ అనిపించుకోవాలని రోమన్లు పడిన శ్రమను ఇక్కడ సున్నం పట్టే మేస్త్రీలు తమ పద్ధతిలో తీర్చేశారు.

గచ్చు పని దక్కనుకు తరతరాల విద్య. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగనిచ్చి, గుంటల్లో రోజుల తరబడి నానబెడతారు. ఆ తర్వాత ఇసుకతో కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పిస్తారు. వెన్నలా మెదిగితే తప్ప పనికి రాదు. పట్టు కోసం బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలపడం మన వైపు మామూలు. మొదటి పూత ముతక, పైకొచ్చేకొద్దీ నున్నన. ఆఖరి పూత పచ్చిగా ఉండగానే నునుపు రాయితో రుద్దుతూ పోతే అద్దంలా మెరుగు తేలుతుంది. మద్రాసు సున్నపు మెరుగును చూసి తెల్లదొరలు చలువరాయని పొరబడిన సందర్భాలు ఆ కాలపు యాత్రికుల రాతల్లో చాలానే కనిపిస్తాయి.

స్తంభాల తలకట్లు చూస్తే విశేషం మరింత తెలుస్తుంది. కొరింథియన్ తలకట్టు మీద అకాంథస్ అనే మధ్యధరా సముద్ర తీరపు మొక్క ఆకులు వరసలుగా విచ్చుకుని, చివర్లు బయటికి వంగి ఉంటాయి. ఇక్కడ తాపీ పట్టిన మనిషి ఆ మొక్కను జన్మలో చూసి ఉండడు. రసెల్ దగ్గరున్న బొమ్మ చూసి చేయాలి. కానీ ఆకును సున్నంలో మలచడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేదు. 1671లో కట్టిన టోలీ మసీదు గోడలమీదా, గోల్కొండ గుంబజుల మీదా ఆకులూ పూలూ జల్లెడలూ పోసింది అతని తాతలే. పుస్తకంలోని ఆకు రోముది, దానికి ప్రాణం పోసిన చేతివాటం దక్కనుది. పైకప్పుల అలంకారానికి కాగితపు గుజ్జు వాడి రంగులద్దడంలోనూ ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే కనిపిస్తుంది.

కాబట్టి ఈ మేడ ముందు భాగం పూర్తిగా విలాయతీ అనడం సగం మాటే. గీత విలాయతీది. గీతను నిలబెట్టిన రాయి, ఇటుక, సున్నం, ఒడుపు ఇక్కడివి. అయితే నమూనా గీసిన లెఫ్టినెంటు పేరు, తండ్రి పేరు సహా, మనకు దక్కింది. తలకట్లు మలచిన మేస్త్రీ పేరు ఒక్కటీ మిగల్లేదు. శైలికి పేరు పెట్టే హక్కు కాగితం మీద గీసినవాడికే దక్కుతుందన్న అలవాటు వాస్తు చరిత్రలో బలంగా పాతుకుపోయింది. కోఠీలాంటి ఇళ్లను చూసేటప్పుడు ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి.

కుర్చీలు ఇటు, తివాచీలు అటు

రెండు శైలుల మధ్య మూసీ నది పారేదని చెప్పినా తప్పులేదు. రెసిడెంటు నిజాం దర్బారుకు వెళ్లాలంటే నది దాటాలి. అప్పటికి ఊరికున్న వంతెన 1578 నాటి పురానాపూల్ ఒక్కటే, అది పడమరగా ఎగువన ఉంది. రెసిడెన్సీకి దగ్గర్లో చాదర్‌ఘాట్ వంతెన 1831లో వచ్చింది. దాన్ని కట్టించిన దొర పేరు మీద కొన్నాళ్లు ఆలిఫంట్ వంతెన అనేవారు.

నది దాటగానే మర్యాద మారేది. నిజాం సముఖంలో రెసిడెంటు బూట్లు విప్పి, తివాచీ మీద కింద కూర్చోవాలి. ఇవతలి ఒడ్డున తన దర్బారు హాల్లో కుర్చీల మీద కూర్చుని అతిథుల్ని ఆహ్వానించొచ్చు. 1869లో పసివాడైన మహబూబ్ అలీ ఖాన్ గద్దెనెక్కినప్పుడు ఇంగ్లిషువాళ్లు పట్టుబట్టి ఈ ఆనవాయితీ తీసేయించారు. అప్పట్నుంచి నిజాం దర్బారులో కూడా రెసిడెంటు బూట్లతో, కుర్చీ మీద. నది ఉత్తరపు ఒడ్డు శైలి దక్షిణపు ఒడ్డు మీద గెలిచిన రోజు అది. అప్పటికే ఉత్తరపు ఒడ్డున మరో పని జరిగిపోయింది.

కూలిన సగం

కిర్క్‌పాట్రిక్‌కు కొత్త మేడలో తీరిగ్గా ఉండే యోగం దాదాపు పట్టలేదు. 1805లో పిల్లలిద్దర్నీ చదువు కోసం ఇంగ్లండు పంపించాడు. ఓడెక్కే ముందు మద్రాసులో జార్జ్ చినరీ వాళ్ల బొమ్మ గీశాడు. హైదరాబాదీ దుస్తుల్లో అన్నాచెల్లెళ్లు నిలబడ్డ ఆ తైలవర్ణ చిత్రం చినరీ గొప్ప చిత్రాల్లో ఒకటిగా మిగిలింది. తండ్రి అదే ఏడాది అక్టోబరు 15న కలకత్తాలో జబ్బుచేసి పోయాడు. ఖైరున్నీసా 1813లో, ముప్పై నిండకుండానే పోయింది. తన పిల్లల్ని మళ్లీ చూడలేదు.

వాళ్ల తర్వాత అర్ధ శతాబ్దంలో కాలం పూర్తిగా తిరగబడింది. ఇంగ్లిషు అధికారి దేశీ పెద్దింటి అల్లుడు కావడం కిర్క్‌పాట్రిక్ తరంలో వింతే అయినా ఊహించదగ్గది. విక్టోరియా కాలానికి అది నోరెత్తి చెప్పుకోకూడని విషయమైంది. దానికి తోడు 1857 తిరుగుబాటు. జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రోహిల్లాలు పాతబస్తీ నుంచి వచ్చి రెసిడెన్సీ మీద పడ్డారు. పక్కనున్న ఇళ్లెక్కి తుపాకులు పేల్చారు. ప్రధాని సాలార్ జంగ్ ముందే కబురు పంపడంతో రెసిడెంటు డేవిడ్‌సన్ సిద్ధంగా ఉన్నాడు. ఫిరంగుల ముందు దాడి నిలవలేదు. తుర్రేబాజ్ ఖాన్ తర్వాత కాల్పుల్లో చనిపోయాడు, అల్లావుద్దీన్‌ను అండమాన్ పంపారు. రెసిడెన్సీ చుట్టూ గోడలు బలపడ్డాయి, బురుజులు లేచాయి. తోటలో కట్టిన ఇల్లు కాస్తా కోటగా మారింది.

ఆ తర్వాత కొద్ది కాలానికే, 1860 ప్రాంతంలో, రంగ్ మహల్‌ను నేలమట్టం చేశారు. ముందు మేడకు అది కొనసాగింపన్న సంగతి క్రమంగా మరుగునపడింది. ఫౌంటెన్లు పోయాయి, గోడల మీది పిట్టలూ పోయాయి. మిగిలింది తోట ఆనవాళ్లు, వాటి నడుమ ఒక చిత్రమైన వస్తువు: పెద్ద మేడకు అచ్చుగుద్దినట్టున్న సున్నపు బొమ్మమేడ. పరదా వల్ల ఉత్తరపు ముఖం చూసే వీల్లేని బేగం కోసం భర్త దాన్ని చేయించాడని కోఠీలో తరతరాలుగా చెప్పుకుంటారు. కథ మాటెలా ఉన్నా, జనానా తోటలో విలాయతీ మేడ చిన్నరూపం ఉందన్నది కళ్ల ముందున్న నిజం. రెండు శైలులూ ఒకే చోట భౌతికంగా కలిసి నిలిచిన ఆనవాలు ఈ ప్రాంగణంలో అదొక్కటే.

ప్రహరీ బయట, ప్రహరీ లోపల

ఈ ఇంటి ప్రభావం గోడలు దాటి బజారు మీదా పడింది. రెసిడెన్సీ చుట్టుపక్కల వీధులు రెసిడెంటు అధికారం కింద ఉండేవి. వాటిని రెసిడెన్సీ బజార్లు అనేవారు. నిజాం పోలీసుల నిఘా అక్కడ అంత చెల్లదు. సంఘాలు పెట్టుకోవాలన్నా, సభలు జరుపుకోవాలన్నా కాస్త ఊపిరి పీల్చుకునే చోటు అదే. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది ఈ ప్రాంతంలోనే, రావిచెట్టు రంగారావు ఇంట్లో. కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్లు దాని వెనక ఉన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువరితనానికి మొదటి గూడు, పరాయి దొర అధికారం నీడలో దొరికింది. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాం చేతికొచ్చి సుల్తాన్ బజార్ అయ్యాయి.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, రెసిడెంట్లు పోయారు. 1924లో మొదలైన మహిళా కళాశాల 1949లో ఈ మేడలోకి మారింది. ఉస్మానియా కింద దశాబ్దాలు నడిచి, 2022లో విశ్వవిద్యాలయం అయింది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. దర్బారు హాల్లో తెలంగాణ పల్లెల ఆడపిల్లలు తరాల తరబడి పాఠాలు విన్నారు. మేడను దెబ్బతినకుండా కాపాడింది ఆ వాడకమే, అరగదీసిందీ ఆ వాడకమే. పైకప్పులు కారాయి, దూలాలు పుచ్చాయి, గచ్చు పెచ్చులూడింది. ప్రపంచ కట్టడాల నిధి సంస్థ 2002లో తన ప్రమాద జాబితాలో దీన్ని చేర్చాక మరమ్మతులకు బాట పడింది.

మరమ్మతుల్లో మళ్లీ సున్నమే కావాల్సొచ్చింది. పాత గోడలకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ లోలోపలే కుళ్లుతుంది. సున్నం ఊపిరి పీలుస్తుంది, చెమ్మను వదిలేస్తుంది. శామ్యూల్ రసెల్ గీతల్ని కాపాడాలంటే పేరు తెలియని మేస్త్రీ విద్యను ముందు నేర్చుకోవాల్సొచ్చింది. రెండు శైలుల లెక్క ఇలా కొంత సరిపోయింది.

రంగ్ మహల్‌ను ఎవరూ తిరిగి కట్టలేరు, కట్టాల్సిన పనీ లేదు. చేయగలిగింది ఒకటుంది. కోఠీ మేడను చూపించే ప్రతిసారీ మెట్ల దగ్గరా స్తంభాల దగ్గరా మాట ఆపేయకుండా, వెనక తోటదాకా జనాన్ని నడిపించుకెళ్లడం. ఉత్తరపు మంటపం దగ్గర నిలబడితే కంపెనీ ఏం చెప్పుకోవాలనుకుందో తెలుస్తుంది. ఆ మేడ కట్టిన మనిషి ఎలా బతికాడో తెలియాలంటే తోటలోకే వెళ్లాలి.

వచ్చే భాగంలో ఊరికి దక్షిణాన కొండెక్కుదాం. కోఠీలో ఒక ఇంగ్లిషు దొర మొగలాయీ జనానా కట్టుకుంటే, 1884లో ఒక హైదరాబాదీ నవాబు రెండు శైలుల్నీ విలాయతు నుంచే తెప్పించుకున్నాడు. ఒకటి ఇటలీది, ఇంకొకటి ట్యూడర్ రాజులది. ఆయన పేరు వికారుల్ ఉమ్రా. ఆ మేడ ఫలక్‌నుమా. అంత మోజుపడి కట్టుకున్న ఇంటిని ఆయన ఆరో నిజాం చేతుల్లో ఎందుకు పెట్టాల్సి వచ్చిందో అప్పుడు చూద్దాం.